కొండ వైపు కిటికీ

తిరుమల బస్సెక్కగానే మనలో చాలామంది లోయ వైపు కిటికీ కోసమే ఎగబడతాం. కింద తిరుపతి బొమ్మల కొలువులా కనిపిస్తుంది, మబ్బు చేతికి అందుతున్నట్టు ఉంటుంది, రీల్‌కి ముప్పై సెకన్ల వీడియో రెండు మలుపుల్లో వచ్చేస్తుంది. కొండ వైపు కూర్చున్నవాళ్లకి మిగిలేది రాతి గోడ. దాన్ని ఎవరు చూస్తారు?

మా అక్క చూస్తుంది. అది తప్ప ఇంకేం చూడదు. మా పెద్దమ్మ కూతురు, వృత్తి ఇంజనీరింగ్ జియాలజీ. రైల్వే సొరంగాలు, రోడ్డు కోతలు, డ్యాం పునాదులు... ఎక్కడ కొండని కొయ్యాలన్నా ముందు వెళ్లి ఆ రాయి ఎలాంటిదో, ఎక్కడ విరుగుతుందో, ఎటు జారుతుందో చూసి రాసిచ్చే ఉద్యోగం. నాది హైదరాబాద్‌లో కోడ్ రాసే ఉద్యోగం. బీటెక్‌లో సివిల్ వాళ్లని చూసి 'మట్టి, రాళ్ల బ్యాచ్' అని నవ్వుకున్న రకం. ఈ ఫిబ్రవరిలో ఇద్దరం కలిసి తిరుమల వెళ్లడానికి కారణం మాత్రం మా అమ్మ.

మాది రాజంపేట దగ్గర. 2021 నవంబర్ 19 మా వైపు ఎవరూ మర్చిపోరు. కార్తీక పౌర్ణమి. తెల్లవారుజామున చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. ఏటి ఒడ్డున ఉన్న మా మేనమామ వాళ్లు మిద్దె మీదకెక్కి బతికారు. ఫోన్లు కలవని ఆ కొన్ని గంటల్లో అమ్మ మొక్కుకుంది: వాళ్లు క్షేమంగా ఉంటే కార్తీక మాసంలో అలిపిరి మెట్లెక్కి కొండకి వస్తానని. ప్రతి ఏడూ ఏదో ఒకటి అడ్డం పడింది. ఇప్పుడు మోకాళ్లు నొప్పి మొదలైంది, ఇంక ఆగనంటోంది. ఈ కార్తీకంలో వెళ్లాల్సిందే.

చిక్కంతా ఆ నెలతోనే. మన రాయలసీమ దక్షిణ భాగానికి, తిరుపతికి పెద్ద వానలు పడేది ఈశాన్య రుతుపవనాల్లో, అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. కార్తీకం సరిగ్గా మధ్యలో వస్తుంది. చెయ్యేటిని పొంగించిన ఆ వానలే తిరుమలలో శ్రీవారి మెట్టు దారిని కోసేశాయి. అది మళ్లీ తెరుచుకున్నది 2022 మేలో. వానలు అక్కడితో ఆగలేదు. డిసెంబర్ 1 ఉదయం రెండో ఘాట్ రోడ్డు పైభాగంలో పెద్ద బండలు విరిగి రోడ్డు మీద పడ్డాయి. తారు రోడ్డు, పక్క గోడ పలకల్లా పగిలిపోయాయి. కొండెక్కే వాహనాలు ఆగిపోయాయి. ప్రాణాలు పోలేదు. ఆ వీడియో మీ ఫ్యామిలీ గ్రూపులో కూడా వచ్చే ఉంటుంది.

అమ్మ అక్కకి ఫోన్ చేసి ఒకటే ప్రశ్న అడిగింది. "కార్తీకంలో పోవచ్చా, కూడదా? అది చెప్పు."

"చూసొచ్చి చెప్తా చిన్నమ్మా" అంది అక్క.

అలా బయల్దేరాం.

తెల్లారి ఐదుకి అలిపిరి. నడకదారి దాదాపు 3,550 మెట్లు. మొదట్లో గాలిగోపురం దాకా ఎక్కడం మన ఊపిరితిత్తులకి ఇంటర్వ్యూ లాంటిది. నేను ప్రతి యాభై మెట్లకి ఆగుతుంటే అక్క ప్రతి బండకీ ఆగుతోంది. చేతిలో సుత్తి లేదు. ఇది రక్షిత అడవి, దేవుడి కొండ, ఒక్క రాయి కొట్టకూడదు, ఒక్క రాయి ఇంటికి తేకూడదు అని ముందే చెప్పింది. పని మొత్తం కళ్లతో, ఫోన్‌తోనే.

"ఈ కొండ రెండు కొండలురా. ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టినట్టుంటాది" అంది.

కింద ఉన్నది గ్రానైటు, నైసు లాంటి పాత రాయి. దాన్ని అక్కడక్కడా నల్లటి డోలరైటు డైకులు కోసుకుంటూ వెళ్తాయి. పైన ఉన్నది క్వార్ట్‌జైట్. అంటే ఒకప్పుడు నీళ్ల అడుగున పేరుకున్న ఇసుక, గట్టిపడి గట్టిపడి ఈ స్థితికి వచ్చింది. కింది రాయికి 210 కోట్ల ఏళ్లకి పైనే. పైన పేరుకున్న రాయికి సుమారు 160 కోట్లు. రెండూ ఆనుకుని ఉన్న గీత మీద వేలు పెడితే, ఆ వేలి కింద కనీసం 50 కోట్ల ఏళ్ల ఖాళీ ఉంటుంది. కొందరు 80 కోట్లు అంటారు. అంతకాలం ఇక్కడ రాయి పేరుకోలేదు, లేదా పేరుకున్నది అరిగిపోయింది. భూమి డైరీలో చిరిగిపోయిన పేజీలన్నమాట. దీనికి ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అని పేరు. 1880ల్లో బ్రూస్ ఫుట్ గుర్తించాడు. తర్వాత జియలాజికల్ సర్వే దీన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ప్రకటించింది. ఘాట్ రోడ్డు కోతల్లో అది కనిపిస్తుంది. రోజూ వేలమంది దాన్ని దాటుతారు, లోయ వైపు చూస్తూ.

నాకు ఇదంతా గూస్‌బంప్స్ వ్యవహారం. అక్కకి మాత్రం ప్లంబింగ్ వ్యవహారం. "వయసు సంగతి పక్కన పెట్టు. పై రాయిలో పగుళ్లున్నాయి, నీళ్లు దిగుతాయి. కింది రాయి దగ్గరికొచ్చేసరికి దారి మారుతాది. నీళ్లు ఆడ బయటికొస్తాయి. రెండు రకాల రాళ్లు కలిసే చోట నేను ఫస్టు చూసేది తడే."

ఏడో మైలు ఆంజనేయస్వామి విగ్రహం దాటాక, జింకల పార్కు దగ్గర్నుంచి నడకదారి పాత ఘాట్ రోడ్డు పక్కకి వస్తుంది. ఒక వైపు అవ్వాచారి కోన, ఇంకో వైపు రోడ్డు, దానికి అవతల కొండ. అసలు క్లాసు ఇక్కడ మొదలైంది.

రాతి గోడ ఎదురుగా నిలబడి నువ్వేం చూస్తున్నావో చెప్పమంది. రాయి అన్నాను. "నువ్వు స్క్రీన్ చూసి పిక్సెళ్లు అంటావా?" అంది. సరే, కాస్త ఆగి చూశాను. మొదట అడ్డంగా పొరలు కనబడ్డాయి, దాదాపు పడుకున్నట్టు. తర్వాత నిలువు పగుళ్లు. అవి ఎలా పడితే అలా లేవు. కొన్ని ఒక దిక్కుగా, ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయి. ఇంకొన్ని వాటిని అడ్డంగా కోస్తూ ఇంకో దిక్కుగా ఉన్నాయి. ఒకసారి కనబడ్డాక ఇంక కనబడకుండా ఉండవు. పళ్లెంలో మైసూర్‌పాక్ పోసి చాకుతో నిలువుగా, అడ్డంగా గీతలు పెడతారే, అలా. ముక్కలు విడిపోయి లేవు, కానీ ఎక్కడ విడిపోతాయో ముందే రాసి ఉంది.

ఈ పగుళ్లనే జాయింట్లు అంటారు. పగులుకి అటూ ఇటూ ఉన్న రాయి కదలకపోతే జాయింట్. ఒక వైపు జారి ఉంటే ఫాల్ట్, మన పుస్తకాల్లో భ్రంశం. మన భాషలో ఫాల్ట్ అంటే తప్పు. రాళ్ల భాషలో తప్పొప్పులేం లేవు, కదిలిందా లేదా అన్నదే.

అక్క ఫోన్ తీసి గోడకి ఆనించకుండా, పగులు ఎటు వాలుతోందో ఆ వాలుకి సమాంతరంగా గాల్లో పట్టుకుంది. మీ ఫోన్‌లో లెవెల్ చూపించే యాప్ ఉంటుంది కదా, ఫొటో ఫ్రేము సరిగ్గా బిగించామా అని చూసుకునేది. అదే ఇక్కడ వాలు కోణం చెబుతుంది. దిక్సూచి ఏ దిక్కుకో చెబుతుంది. జియాలజిస్టులు ఒకప్పుడు బ్రంటన్ కంపాస్ అనే ఇత్తడి పెట్టె మోసేవాళ్లు, ఇప్పటికీ మోస్తారు. కానీ ఫోన్‌తో నిమిషంలో పది కొలతలు తీయొచ్చు. ఒక్క షరతు: ఇనుప రెయిలింగ్ పక్కన దిక్సూచిని నమ్మకూడదు. నేను తీసిన మొదటి కొలతలో కొండ మొత్తం అరవై డిగ్రీలు తిరిగిపోయింది.

వెనక నడిచొస్తున్న ఒక పెద్దాయన చాలాసేపు చూసి, "సిగ్నల్ దొరకలేదా నాయనా?" అని అడిగారు. దొరికిందండీ అన్నాను. ఇంకేం చెప్పను.

కొలిచేది కోణం ఒక్కటే కాదు. 1978లో అంతర్జాతీయ రాక్ మెకానిక్స్ సంస్థ ఒక పద్ధతి ఖరారు చేసింది. ప్రతి పగులుకీ ఏ దిక్కు, ఎంత వాలు, పక్క పగులుకి ఎంత దూరం, ఎంత పొడుగు, గరుకా నునుపా, ఎంత వెడల్పు తెరుచుకుంది, లోపల ఏం నిండింది, నీళ్లు ఊరుతున్నాయా... ఇలా రాసుకుంటూ పోవాలి. గోడ మీద టేపు అడ్డంగా పట్టి, టేపుని తాకిన ప్రతి పగులూ నమోదు చెయ్యాలి. స్కాన్‌లైన్ సర్వే అంటారు. వందల కొలతలు తెచ్చి ఒక గుండ్రటి పటం మీద చుక్కలుగా పెడితే అవే గుంపులు కడతాయి. ఒక్కో గుంపు ఒక్కో కుటుంబం. నాకిది క్లస్టరింగ్. ఇంత సేపటికి నా భాషలో ఒక మాట వినబడింది అన్నాను. "మీరు దానికి కొత్త పేరు పెట్టుకున్నారు అంతే" అంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. పగుళ్లున్న రాయి అంతా పడిపోదు. పడితే ఈ ప్రపంచంలో కొండే ఉండదు. మరి ఏది పడుతుంది?

ఒక పలకని ఊహించుకోండి. దాని కింద ఉన్న పగులు రోడ్డు వైపు వాలి ఉంది. రోడ్డు కోత ఆ పగులు కన్నా నిటారుగా ఉంది కాబట్టి, పగులు కింది అంచు గోడలో బయటికి తెరుచుకుంది. పలకకి ఇప్పుడు కింద ఆపేవాళ్లు లేరు. మిగిలింది రాపిడి ఒక్కటే. వాలు రాపిడి కోణాన్ని దాటితే జారుతుంది. అదే పగులు కొండ లోపలికి వాలి ఉంటే వందేళ్లయినా జారదు. ఒకే రాయి, ఒకే పగులు. రోడ్డు ఏ వైపు నుంచి కోశాం అన్నదాన్ని బట్టి ఒక వైపు భద్రం, ఇంకో వైపు ప్రమాదం. ఇది విన్నాక ఒక మలుపు తిరగ్గానే నా చూపు మారింది. మలుపుకి ముందు నిమ్మళంగా ఉన్న గోడ, మలుపు తర్వాత అనుమానంగా కనిపించడం మొదలైంది.

ఇంకో రకం, రెండు పగుళ్లు లోపల కలుసుకుని ముక్కోణంలా కోసినప్పుడు. బండి మీద పుచ్చకాయ పండిందో లేదో చూపించడానికి చాకుతో గాటు పెట్టి ముక్క లాగుతారు చూడండి, సరిగ్గా అలాగే కొండలోంచి ముక్క ఊడి వస్తుంది. ఆ ఖాళీ తర్వాత కూడా గూడులా మిగిలిపోతుంది. కొండ పక్కన అలాంటి గూళ్లు కనిపిస్తే, ఒకటి ఇప్పటికే వచ్చేసిందని అర్థం. అలాంటి దాని పక్కన రెండోది ఉందా అని అక్క వెతుకుతుంది.

తిరుమల క్వార్ట్‌జైట్‌లో పొరలు పెద్దగా వాలి లేవు కాబట్టి ఎక్కువ భయం ఈ రెంటి వల్ల కాదు అంటుంది. ఇక్కడ బండలు నిటారు అంచు నుంచి ఊడి పడతాయి, లేదా అరలో నిలబెట్టిన పుస్తకాల్లా ముందుకి ఒరుగుతాయి. మధ్యలో ఎక్కడైనా మెత్తటి పొర ఉంటే అది ముందు అరిగిపోతుంది. పైన ఉన్న గట్టి బండ కింద ఖాళీ ఏర్పడి చూరులా వేలాడుతుంది. వెనక నిలువు పగులు రెడీగా ఉంది. ఇంక కావాల్సింది ఒక్క తోపు. చెట్ల వేళ్లు కొంత తోస్తాయి, పగటి ఎండ రాత్రి చలి కొంత తోస్తాయి. చిన్న రాళ్లయితే కోతులు కూడా తోస్తాయి, వాటిని తక్కువ అంచనా వెయ్యొద్దు. అన్నిటికన్నా పెద్ద తోపు నీళ్లది.

ఇక్కడ అక్క చెప్పిన లెక్క నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఒక నిలువు పగులు పది మీటర్ల లోతు ఉందనుకోండి. వానకి అంచు దాకా నిండింది. అడుగున నీటి ఒత్తిడి చదరపు మీటరుకి పది టన్నులు. మొత్తం మీద, పగులు పొడవులో ప్రతి మీటరుకీ సుమారు 50 టన్నుల బలంతో నీళ్లు బండని రోడ్డు వైపు తోస్తాయి. పగులు వెడల్పు ఎంతైనా సరే. వేలు దూరేంత ఉన్నా అంతే, మనిషి దూరేంత ఉన్నా అంతే. సన్న పగులు ఇంకా అన్యాయం, ఎందుకంటే అది నిండటానికి నాలుగు బిందెల నీళ్లు చాలు.

"వానకి రాయి జారుడుగా అవుతాది, అందుకే పడతాది అనుకుంటారు అందరూ" అంది అక్క. "జారుడు కాదురా. నీళ్లు బరువుని ఎత్తి పట్టుకుంటాయి."

దీనికి డెమో మోకాలిమెట్టుకి ముందు టీ అంగట్లో దొరికింది. వేడి నీళ్లలో కడిగిన స్టీలు గ్లాసుని తడి బల్ల మీద బోర్లిస్తే, ఎవరూ ముట్టుకోకుండా అదే జరుగుతూ పోతుంది. చిన్నప్పుడు చూసి దెయ్యం అనుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. లోపల గాలి వేడెక్కి వ్యాకోచించి గ్లాసుని పైకి ఎత్తుతుంది. గ్లాసు బరువు బల్ల మీద పడదు. బరువు లేకపోతే రాపిడి లేదు. కొండలో గ్లాసు స్థానంలో బండ, గాలి స్థానంలో నీళ్లు. అంతే తేడా. టీ అంగడాయన మమ్మల్ని చూసి ఇంకో గ్లాసు కూడా బోర్లించి చూపించారు. ఆయన గ్లాసు మా గ్లాసు కన్నా ఎక్కువ దూరం పోయింది.

మోకాలిమెట్టు గురించి నేనేం రాయను. ఎక్కినవాళ్లకి తెలుసు.

దర్శనం అయ్యాక సాయంత్రం శిలాతోరణం. గుడికి ఉత్తరాన కిలోమీటరు దూరంలో సహజంగా ఏర్పడిన రాతి వంతెన. ఎనిమిది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు. 1980ల్లో ఇక్కడ ఒక చిన్న ఫాల్ట్ కోసం తవ్వకాలు చేస్తున్నప్పుడు ఇది భూవిజ్ఞానుల కంట పడింది. దాని ముందు సెల్ఫీలు దిగేవాళ్లు దిగుతున్నారు. అక్క మాత్రం తోరణాన్ని ఇంకోలా చూడమంది. ఇది ఎవరో కట్టినది కాదు, మిగిలినది. చుట్టూ ఉన్న రాయి పొర పొరగా, ముక్క ముక్కగా పగుళ్ల వెంట ఊడిపోతే, ఊడిపోనిది తోరణమైంది. ఘాట్ రోడ్డు మీద మనం భయపడే పనే ఇక్కడ కోట్ల ఏళ్లు తీరిగ్గా జరిగింది, కింద రోడ్డు లేదు కాబట్టి దాన్ని అందం అంటున్నాం.

ఫాల్ట్ పక్కన రాయి ఎందుకు బలహీనం అని అడిగాను. రెండు రాళ్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ కదిలినప్పుడు మధ్యలో రాయి నలిగి పొడి అవుతుంది. కొన్నిచోట్ల బంకమట్టిగా మారుతుంది. రాసుకున్న ముఖాలు నిగనిగలాడతాయి, కదిలిన దిక్కుకి గీతలు పడతాయి. సొరంగం తవ్వేవాళ్లకి ఆ నిగనిగ కనిపిస్తే వెన్నులో చలి పుడుతుందట. అంతసేపూ గట్టిగా ఉన్న రాయి హఠాత్తుగా పిండిలా రాలుతుంది, వెనక నిల్వ ఉన్న నీళ్లు ఒక్కసారిగా వస్తాయి.

ఆ రాత్రి రూములో అక్క ఇంకో కథ చెప్పింది. నాలుగేళ్ల కిందట ఒక రైల్వే కోత పని. ఎక్కడ, ఎవరిది అన్నది చెప్పను. గోడలో రెండు చోట్ల నీటి ఊట చూసి, ముందు గోడలోకి రంధ్రాలు వేసి నీళ్లకి దారి ఇవ్వండి, ఆ తర్వాతే షాట్‌క్రీట్ కొట్టండి అని రిపోర్టు రాసింది. షాట్‌క్రీట్ అంటే గోడ మీద గొట్టంతో పిచికారీ చేసే కాంక్రీటు. వానలు వచ్చేలోపు పని చూపించాలి. రంధ్రాలకి ఇంకో పది రోజులు పడుతుంది. కాంట్రాక్టరు నేరుగా కాంక్రీటు కొట్టించేశాడు. గోడ నున్నగా, బూడిద రంగులో, ఫొటోకి బ్రహ్మాండంగా వచ్చింది. ఊట కనబడటం మానేసింది. ఊరడం మానలేదు. రెండు వారాల వాన తర్వాత ఒక రాత్రి, కాంక్రీటు పలకతో సహా గోడ ముందుకొచ్చింది. కింద ఆపి ఉన్న ఎక్స్‌కవేటర్ క్యాబిన్‌లో ఆపరేటర్ పడుకుని ఉన్నాడు. ప్రాణం దక్కింది. కుడికాలు మోకాలి కింద తీసేశారు.

"నా రిపోర్టులో పేజీ పదకొండులో ఉండాది ఆ మాట" అంది అక్క. "అప్పట్నుంచి ఏ రిపోర్టు రాసినా నీళ్ల సంగతి మొదటి పేజీ మొదటి లైనులో రాస్తా. మిగతాది చదవకపోయినా ఫర్వాలేదు."

నేను ఏం మాట్లాడలేదు. మా ఆఫీసులో కూడా వార్నింగులు ఎక్కడో కింద లాగ్‌లో ఉంటాయి. మా సర్వరు పడిపోతే జనం యాప్ రిఫ్రెష్ చేసుకుంటారు. అంతవరకే.

ఇది మన దగ్గరే జరిగే నిర్లక్ష్యం కూడా కాదు. ఇటలీలో వయోంట్ డ్యాం పక్కన టోక్ అనే కొండ ఉంది. సున్నపురాయి పొరల మధ్య సన్నటి బంకమట్టి పొరలు. జలాశయం నింపుతున్నకొద్దీ కొండ పాకుతోందని 1960 నుంచే తెలుసు, కొలుస్తూనే ఉన్నారు. 1963 అక్టోబర్ 9 రాత్రి 26 కోట్ల ఘనపు మీటర్లకి పైగా రాయి ఒక్కసారిగా నీళ్లలోకి జారింది. అల డ్యాం మీంచి దూకి కింది ఊళ్లని తుడిచేసింది. దాదాపు రెండు వేల మంది. డ్యాం మాత్రం నేటికీ నిలబడే ఉంది. కాంక్రీటులో ఏ లోపమూ లేదు మరి. మన విజయవాడ ఇంద్రకీలాద్రి మీద 2020 అక్టోబర్ 21న, సరిగ్గా దసరా రద్దీలో కొండ అంచు విరిగిపడింది. అక్కడి రాయి వేరు, ఖోండలైట్. ఎండకీ వానకీ త్వరగా మెత్తబడే రకం. కొండ మారితే రోగం మారుతుంది, తిరుమల మందు విజయవాడకి పనికిరాదు.

మర్నాడు పాత ఘాట్ రోడ్డు మీదుగా బస్సులో దిగాం. 1944లో వేసిన రోడ్డు ఇది, 19 కిలోమీటర్లు, 36 మలుపులు. ఎక్కే రోడ్డు 1974లో వచ్చింది, 16 కిలోమీటర్లు, పెద్ద మలుపులు అరడజనే. డ్రైవింగ్ చేసేవాళ్లకి కొత్తదే హాయి. అక్క లెక్క వేరు. మెలికలు తిరిగే రోడ్డు కొండ చెప్పిన మాట వింటూ పోతుంది, కోత తక్కువ. నేరుగా పోవాలంటే కొండని లోతుగా కొయ్యాలి, బాంబులు పెట్టి పేల్చాలి, పేల్చిన చోట ఉన్న పగుళ్లు ఇంకా తెరుచుకుంటాయి. మనకి కలిసొచ్చిన పదిహేను నిమిషాల ఖర్చుని గోడ ఎప్పటికీ కడుతూనే ఉంటుంది. ఇది ఆవిడ అభిప్రాయం. కార్లో వాంతులు చేసుకునే మా చెల్లెల్ని అడిగితే ఇంకోటి చెబుతుంది.

అయితే చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. 2021 తర్వాత ఐఐటీ నిపుణులు వచ్చి చూశారు. ఇలాంటి గోడలకి చేసేవి తెలిసిన పనులే: ఊగుతున్న రాళ్లని ముందే దించేయడం, పెద్ద బండల్ని లోపలి గట్టి రాయికి ఇనుప బోల్టులతో కుట్టడం, ఉక్కు వల కప్పడం, నీళ్లకి దారి ఇవ్వడం. వల చూసి చాలామంది పడే బండని అది ఆపేస్తుంది అనుకుంటారు. రెండు మీటర్ల ఘనం క్వార్ట్‌జైట్ బరువు 21 టన్నులు. యాభై మీటర్ల పై నుంచి పడితే కిందకి వచ్చేసరికి గంటకి 110 కిలోమీటర్ల వేగం. మామూలు వల చిన్న రాళ్లకే. పెద్దదాన్ని కదలకముందే పట్టుకోవాలి, అంటే ఏది కదులుతుందో ముందే తెలియాలి. మళ్లీ టేపు, కోణం, తడి, ఆ పాత పనికే రావాలి.

ఈ పనిలో మన చేతిలో ఉన్న ఫోన్‌కి కూడా చోటుంది. 2024 జులైలో జియలాజికల్ సర్వే కోల్‌కతాలో జాతీయ కేంద్రం పెట్టి, భూసంకేత్ పోర్టల్, భూస్ఖలన్ యాప్ తెచ్చింది. కొండచరియ విరిగిన చోట ఫొటో తీసి, ఎక్కడో ఎప్పుడో పంపొచ్చు. ఏ వానకి ఏ కొండ ఎలా స్పందించిందో తెలిస్తేనే ముందస్తు హెచ్చరిక లెక్కలు కుదురుతాయి. నిన్నటిదాకా పొడిగా ఉన్న గోడలో కొత్త ఊట, ఉన్నట్టుండి బురదగా మారిన నీరు, రోడ్డు అంచున తాజాగా రాలిన గులకలు, ముఖం మెరుస్తున్న కొత్త రాతి విరుపు... ఇవి చూస్తే వీడియో తీసుకుంటూ దాని కింద నిలబడకండి. ముందు నడవండి, తర్వాత తీయండి.

బస్సు దిగాక తిరుపతిలో ఒక కట్టుబడి దగ్గర రెండు చదునైన రాతి ముక్కలు ఏరుకొచ్చి, రాపిడి కోణం ఎలా కొలుస్తారో చూపించింది. ఒకదాని మీద ఒకటి పెట్టి, కింద దాన్ని మెల్లగా వాలుస్తూ, పక్కన ఫోన్ లెవెల్ యాప్. ముప్పై దాటాక పై ముక్క జారింది. మధ్యలో తడి బంకమట్టి పూసి మళ్లీ వాల్చాం. ఇరవై కూడా రాకముందే వెళ్లిపోయింది. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ అంతే. ఆ మట్టి పొర మందం గోరంత కూడా లేదు.

అమ్మకి అక్కడ్నుంచే ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది.

"పో చిన్నమ్మా, మెట్ల దారినే పో. కానీ రోజు నువ్వు పెట్టుకోవద్దు, నేను చెప్తా."

"పౌర్ణమి కదమ్మా అనుకున్న్యా."

"పౌర్ణమికి వాన పడితే? నాలుగు రోజులు వరసగా పడి ఆగిందంటే, ఆగిన రోజు కూడా పోవద్దు. వాన ఆగినా పగుళ్లలో నీళ్లు ఆగవు. ఆ రోడ్డు పక్కన నడిచే ముక్క ఉంది కదా, ఆడ కూర్చోవద్దు, టిఫిన్ డబ్బా తెరవద్దు, ఎన్ని నొప్పులున్నా దాటేసి అవతల కూర్చో."

అవతల కాసేపు నిశ్శబ్దం. మా అమ్మ ఆలోచిస్తోందో, వంటింట్లో పాలు చూసుకుంటోందో తెలీదు.

"కార్తీకం దాటిపోతే?"

"ముప్పై రోజులుండాయి కార్తీకానికి. ముప్పై రోజులూ వాన పడదులే."

"పడిందనుకో."

అక్క నా వైపు చూసింది. దీనికి గుండ్రటి పటంలో సమాధానం లేదు.

"పడితే మాసశివరాత్రి నాడు ఆలోచిద్దాం చిన్నమ్మా. ముడుపు మాత్రం ఇప్పుడే కట్టి పెట్టుకో."

"అది కట్టి మూడేళ్లైంది" అంది అమ్మ.